కనిష్ఠ ధరకు సున్నా పెట్టకు

ఒంగోలు

చిరంజీవికి,

నువ్వు రాసి పంపిన సీ భాష పాఠం చదివాను. టంగుటూరు వేలం కేంద్రానికి వచ్చిన పొగాకు బేళ్లలో కనిష్ఠ ధర వెతికే ప్రోగ్రాం తీసుకున్నావు. మన పిల్లలకు లెక్క తప్ప ఇంకేమీ విడమరచక్కర్లేదు, మంచి ఎంపిక. కానీ కనిష్ఠ ధరను దాచే చలరాశికి (వేరియబుల్‌కు) తొలి విలువ లేదని కంపైలర్, అంటే మన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాధనం, హెచ్చరించగానే ‘సున్నా పెట్టేయండి, హెచ్చరిక పోతుంది’ అన్నావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్యి.

పోతుంది, నిజమే. దాంతోపాటు జవాబూ పోతుంది. సున్నా కంటే తక్కువకు ఏ బేలూ అమ్ముడుపోదు కనుక ప్రోగ్రాం రోజూ సున్నా అనే చెబుతుంది. పైగా తప్పు పట్టగలిగిన ఒక్కదాని నోరూ మనమే కట్టేశాం. మొదటి బేలు ధరనే తొలి విలువగా పెట్టించు. వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది: ఒక్క బేలూ రాని రోజు ఏం చేయాలి? దీనికి కంపైలర్ నోరెత్తకపోవచ్చు. పాఠంలో నువ్వు నిలబడి మాట్లాడాల్సిన చోటు అదే.

చలరాశికి విలువ ఇవ్వకపోతే సున్నా ఉంటుందనీ రాశావు. ఫంక్షన్ల (ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే భాగాల) బయట ప్రకటించినవాటికి, ‘స్టాటిక్’ అని రాసి ప్రకటించినవాటికి అది నిజం. ఫంక్షన్ లోపలి మామూలు చలరాశికి అలాంటి హామీ లేదు. నీ కంప్యూటర్లో సున్నా కనిపిస్తే సంతోషించకు, తప్పు దాక్కుందన్నమాట.

జీసీసీ అనే కంపైలర్‌లో హెచ్చరికలు చూపించే ‘వాల్’ (-Wall) ఆప్షన్‌తో పాటు, ప్రోగ్రాంను వేగంగా నడిచేలా మెరుగుపరిచే (ఆప్టిమైజేషన్) ‘ఓ2’ (-O2) కూడా ఇమ్మను. ‘విలువ లేకపోవచ్చు’ అనే రకం హెచ్చరిక ఆప్టిమైజేషన్ లేకుండా సాధారణంగా రాదు. అప్పుడప్పుడు అది లేని పులిని చూసీ అరుస్తుంది, ఆ సంగతి దాచకు.

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ కథ ఒక పేరా రాయి. 2006లో, విలువ లేని మెమరీ వాడుతున్నారన్న వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఫిర్యాదు పోగొట్టాలని డెబియన్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గూఢలిపి సాఫ్ట్‌వేర్‌లో రెండు వరుసలు తీసేశారు. తాళాలను ఎవరూ ఊహించలేకుండా చేసే అసలైన యాదృచ్ఛికతను కలిపే వరుస కూడా అందులోనే పోయింది. రహస్య తాళాలకు (గూఢలిపి కీలకు) దాదాపు ప్రాసెస్ సంఖ్య, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు సిస్టమ్ ఇచ్చే సంఖ్య, ఒక్కటే ఆధారమైంది, అది అప్పట్లో మామూలుగా 32,768 దాటేది కాదు. 2008 మే వరకూ ఈ తప్పు బయటపడలేదు.

పాఠం తిరగరాసి, జీసీసీతోనూ, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తోనూ కంపైల్ చేసి, వచ్చిన హెచ్చరికలను ఉన్నదున్నట్టు అందులో పెట్టు. ఏ వరుస, ఏ చలరాశి అని వేలుపెట్టి చదివించు. సంక్రాంతి లోపు పంపితే చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు