కొర్రమీనుకూ పండుగప్పకూ ఏ దారం? స్పిన్నింగ్, బెయిట్‌కాస్టింగ్ రీళ్లకు లైన్ ఎంపిక

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు 2500 సైజు స్పిన్నింగ్ రీల్ ఒకటి, బెయిట్‌కాస్టింగ్ రీల్ ఒకటి కొన్నారు. ఊరి చెరువులో కొర్రమీనుకు, వీలైనప్పుడు యానాం వైపు వెళ్లి పండుగప్పకు గాలం వేయాలనుకుంటున్నారు. నైలాన్ మోనో, ఫ్లోరోకార్బన్, బ్రెయిడ్ అనే మూడు రకాల దారాల్లో ఏ రీల్‌కు ఏది ఎక్కించాలో, ఎన్ని పౌండ్లది కొనాలో, ఖర్చు కలిసొచ్చేలా రెండింటికీ ఒకే దారం సరిపోతుందో లేదో అడిగారు. కోనసీమ కాలువల మీదా, ఆ తర్వాత తెలంగాణ చెరువుల్లోనూ చాలా ఏళ్లుగా ఈ రెండు రకాల రీళ్లనూ వాడుతున్న అనుభవంతో జవాబు రాస్తున్నాను.

దుకాణంలో దారం పెట్టె చేతికి తీసుకోగానే ఎవరి చూపైనా దారం ఎంత లాగుడుకు నిలుస్తుందో చెప్పే పౌండ్ల అంకె మీదికే పోతుంది. ముందు చదవాల్సింది మాత్రం దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే మిల్లీమీటర్ల అంకె అని నా గట్టి అభిప్రాయం. చేపను లాగేది దారం బలమే అయినా, రీల్ మీద ఆ దారం ఎలా నడుచుకుంటుందో తేల్చేది దాని మందం. స్పిన్నింగ్ రీల్‌కు మందంలో పై హద్దు ఉంటుంది, బెయిట్‌కాస్టింగ్ రీల్‌కు కింది హద్దు ఉంటుంది. ఈ తేడా ఎందుకో అర్థమైతే ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

స్పిన్నింగ్ రీల్‌తో విసిరేటప్పుడు స్పూల్, అంటే దారం చుట్టి ఉండే గిలక, తిరగదు. దారం స్పూల్ అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారి, గాలం కర్రకున్న మొదటి రింగులోంచి దూరి పోతుంది. దారం మందంగా, బిరుసుగా ఉంటే ఆ చుట్టలు పెద్దవై రింగుకు కొట్టుకుంటాయి కాబట్టి దూరం తగ్గుతుంది, పైగా స్పూల్ మీద అణిగి ఉండక వదులుగా లేచి చిక్కుపడుతుంది. అందుకే 2500 సైజు రీల్‌కు 0.28 మి.మీ. దాటిన నైలాన్‌ను గానీ 0.25 మి.మీ. దాటిన ఫ్లోరోకార్బన్‌ను గానీ నేను ఎక్కించను.

బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరిగి దారాన్ని నేరుగా వదులుతుంది కాబట్టి మందమైన దారంతో దానికి ఇబ్బంది లేదు. దాని సమస్య సన్నదారంతోనే. చేప బలంగా లాగినప్పుడో, నాచులో ఇరుక్కున్న ఎరను మీరు గుంజినప్పుడో, సన్నటి బ్రెయిడ్ తన కింది వరసల మధ్యకు కోసుకుని దిగిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. మరుసటి విసురులో మాత్రం వేగంగా తిరుగుతున్న స్పూల్ సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి పట్టేసినట్టు ఆగుతుంది. ముడి తెగి ఎర ఎటో ఎగిరిపోతుంది, లేదా స్పూల్ మీద దారమంతా గూడు కట్టుకుంటుంది. కనీసం 0.28 మి.మీ. ఉంటే గానీ బ్రెయిడ్‌ను మామూలు బెయిట్‌కాస్టర్‌కు ఎక్కించవద్దు, 0.36 ఉంటే నిశ్చింత.

ఇక పదార్థం సంగతి. మోనో అంటే నైలాన్ ఒంటిపోగు. డ్యూపాంట్ సంస్థ 1938లో నైలాన్‌ను ప్రకటించిన నాటి నుంచీ గాలాల్లో ఉన్నదిదే. ఇది సాగుతుంది, నీటిని కొంత పీల్చుకుని మెత్తబడుతుంది, ఎండకు క్రమంగా బలం కోల్పోతుంది, ధర మాత్రం అందుబాటులో ఉంటుంది. ఫ్లోరోకార్బన్‌ను పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్‌తో చేస్తారు. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో సీగార్ పేరుతో దీన్ని తెచ్చింది. దీని సాంద్రత 1.78 కాబట్టి నీటిలో మునుగుతుంది, నీటిని పీల్చుకోదు, రాపిడికి బాగా నిలుస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 అయితే దీనిది 1.42, నైలాన్‌ది సుమారు 1.53, నీటిలో ఇది తక్కువగా కనిపించడానికి కారణం ఇదే. బ్రెయిడ్‌ను డైనీమా, స్పెక్ట్రా పేర్లతో దొరికే గట్టి పాలీఇథిలీన్ పోగులను అల్లి చేస్తారు. సాంద్రత 0.97 కాబట్టి తేలుతుంది, దాదాపు సాగదు, బలానికి తగ్గ మందం చాలా తక్కువ. 50 పౌండ్ల మంచి బ్రెయిడ్ సుమారు 0.36 మి.మీ. ఉంటుంది, నైలాన్‌లో ఆ మందానికి వచ్చేది 12 నుంచి 15 పౌండ్ల ప్రాంతమే. జపాన్ దారాల మీద కనిపించే పీఈ అంకె కూడా మందానికి గుర్తే, పీఈ 1 అంటే సుమారు 0.165 మి.మీ., పీఈ 2 అంటే 0.235, పీఈ 4 అంటే 0.33.

కొర్రమీనుకు బెయిట్‌కాస్టర్ మీద 50 పౌండ్ల బ్రెయిడ్‌నే ఎక్కించండి, దీనిలో నాకు రెండో ఆలోచన లేదు. కొర్రమీను ఉండే చోటు ఎలాంటిదో మీకు తెలుసు. గుర్రపుడెక్క, తామరాకులు, తూటికాడ అల్లుకుపోయిన నీటి మీద రబ్బరు కప్పను లాక్కుంటూ వస్తాం, ఆకుల మధ్య ఖాళీలోకి అది జారగానే కింది నుంచి చేప కొడుతుంది. ఆ కప్ప గాలాలు లావుగా ఉంటాయి, చేప దవడ గట్టిది. నైలాన్ అయితే మీరు కర్రను లేపిన ఊపులో చాలా భాగం దారం సాగడానికే పోతుంది, మొన చర్మంలో ఆనుతుందే కానీ దిగదు, చేప ఒకసారి తల విదిల్చగానే వదిలేస్తుంది. బ్రెయిడ్‌తో ఆ ఊపు నేరుగా గాలానికి చేరుతుంది. గాలం పడ్డాక చేప చేసే మొదటి పని కాడల మధ్యకు దూరి చుట్టుకోవడం. సన్నగా గట్టిగా ఉండే బ్రెయిడ్ ఆ మెత్తటి కాడలను కోసుకుంటూ వస్తుంది, నైలాన్ వాటి మీద ఆగిపోతుంది. బ్రెయిడ్ తేలుతుంది కాబట్టి కప్ప ముక్కు నీటిపైనే ఉంటుంది. ఫ్లోరోకార్బన్ కడితే ఆ బరువుకు ముక్కు కిందికి దిగి కప్ప నడక చెడిపోతుంది. అందుకే నీటిపై నడిచే ఏ ఎరకూ ఫ్లోరోకార్బన్ పనికిరాదంటాను.

కప్పకు లీడర్ కూడా, అంటే అసలు దారం చివర ఎరకు ముందు కలిపే వేరే దారపు ముక్క, కట్టవద్దు. బ్రెయిడ్‌ను నేరుగా పాలోమార్ ముడితో కట్టండి, ఆ ముడి బ్రెయిడ్ మీద జారదు. మధ్యలో ఇంకో ముడి ఉంటే దానికి నాచు చుట్టుకోవడం, విసిరినప్పుడల్లా అది రీల్ ముందున్న దారం సర్దే కన్నానికి తగలడం తప్ప కొర్రమీను దగ్గర దానివల్ల ప్రయోజనం లేదు. ఆకుల కింద ఉన్న చేప మీ దారాన్ని చూసి అనుమానపడే అవకాశం తక్కువ. నాలుగు పోగుల అల్లిక కొంచెం గరుకుగా ఉండి కాడలను బాగా కోస్తుంది, ఎనిమిది పోగులది నున్నగా ఉండి దూరం పోతుంది, రింగుల దగ్గర చప్పుడు తక్కువ. చెరువుకు నేను నాలుగు పోగులదే వాడతాను.

బెయిట్‌కాస్టర్ మీకు కొత్త అయితే, బొటనవేలికి అదుపు వచ్చేదాకా 15 పౌండ్ల ప్రాంతంలోని, అంటే సుమారు 0.37 మి.మీ. మందమున్న మామూలు నైలాన్‌తో ఆరుబయట విసిరి నేర్చుకోండి. గూడు కట్టినా నైలాన్ చుట్టలు ఒక్కొక్కటిగా విప్పుకోవచ్చు, పోయినా పెద్ద నష్టం లేదు. ఫ్లోరోకార్బన్ అలా చిక్కుపడితే మడత పడిన ప్రతిచోటా బలం పోతుంది, పైకి బాగానే కనిపించి చేప దగ్గర తెగుతుంది.

పండుగప్ప దగ్గర అవసరాలు మారిపోతాయి. స్పిన్నింగ్ రీల్ మీద 20 పౌండ్ల బ్రెయిడ్, అంటే 0.23 మి.మీ. ప్రాంతంలోనిది ఎక్కించి, చివర రెండు బారల లీడర్ తప్పకుండా కట్టండి. పండుగప్ప నోరు లోపల గరుకు కాగితంలా ఉంటుంది, మొప్పల మూత అంచు కత్తి మాదిరి పదును. గాలం పడ్డాక అది గాలిలోకి ఎగిరి తల విదిలిస్తుంది, ఆ విదిలింపులో మూత అంచు దారానికి తగిలితే బిగిసి ఉన్న బ్రెయిడ్ క్షణంలో తెగుతుంది. మడచెట్ల వేళ్లకూ రేవు రాళ్లకూ పట్టిన ఆల్చిప్పలు ఇంకో ప్రమాదం. బ్రెయిడ్‌కు లాగుడు బలం ఎంత ఉన్నా, సన్నటి పోగుల కూర్పు కాబట్టి పదునైన అంచు మీద రాపిడికి నిలవదు.

లీడర్‌కు 30 నుంచి 40 పౌండ్ల నైలాన్ చాలు. ఫ్లోరోకార్బన్ ఇంకా గట్టిగా నిలుస్తుంది, కానీ అది కంటికి కనపడదన్న ఒక్క కారణంతో ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు. వరద తగ్గని గోదావరి పాయలో మీ చెయ్యే నీటిలో జానెడు లోతున కనపడదు, అక్కడ దారం కనపడకపోవడం వల్ల మీకు దక్కేది ఏమీ లేదు. శీతాకాలంలో నీరు తేటపడ్డాక, లేదా తేట చెరువులో చిన్న ఎరలు వాడేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

బ్రెయిడ్‌కు లీడర్‌ను కలపడానికి మొదట డబుల్ యూనీ ముడి నేర్చుకోండి, చెయ్యి కుదిరాక ఎఫ్‌జీ ముడికి మారండి. ఎఫ్‌జీలో లీడర్ మడత పడదు, దాని మీద బ్రెయిడ్‌ను అటొకటి ఇటొకటిగా ఇరవై చుట్ల దాకా వేసి బిగిస్తాం కాబట్టి ముడి సన్నగా ఉండి రింగుల్లోంచి తట్టుకోకుండా పోతుంది. సరిగా బిగిస్తే ఆ చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని, బ్రెయిడ్ రంగు కొంచెం ముదురు తేలినట్టు కనిపిస్తుంది. అలా కనిపించకపోతే విప్పి మళ్లీ కట్టండి. ఏ ముడినైనా, ముఖ్యంగా ఫ్లోరోకార్బన్ ముడిని, నీటితో తడిపి మెల్లగా బిగించాలి, పొడిగా గుంజితే రాపిడి వేడికి అక్కడే బలహీనపడుతుంది. ప్రతి చేప తర్వాతా లీడర్ చివరి మూరెడును గోళ్ల మధ్య పట్టి లాగి చూడండి, గరుకు తగిలితే అంతవరకు కోసేసి ఎరను మళ్లీ కట్టండి. ఆ నీళ్లలో ఈ అలవాటు కాపాడినన్ని చేపలను ఖరీదైన దారం కూడా కాపాడదు.

శీలావతికి, బొచ్చెకు పిండి ఎర పెట్టి కూర్చునేటప్పుడు మాత్రం స్పిన్నింగ్ రీల్ మీద 10 పౌండ్ల నైలాన్ హాయి. వాటి మూతి మెత్తగా ఉంటుంది, దారం సాగడం వల్ల గాలం చీల్చుకుని ఊడిపోదు. అదనపు స్పూల్ దొరికితే దాని మీద ఇది చుట్టి ఉంచుకోండి.

ఎక్కించే పద్ధతి కూడా దారమంత ముఖ్యమే. నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ నిలవదు, చేప లాగితే చుట్టంతా ఒక్కటిగా జారుతుంది, డ్రాగ్ (చేప బలంగా లాగినప్పుడు దారాన్ని తెగకుండా జారనిచ్చే బిగింపు) పాడైందేమో అనిపిస్తుంది. ముందు పది పదిహేను చుట్లు నైలాన్ వేసి దానికి బ్రెయిడ్‌ను ముడివేయండి, తడిగుడ్డతో దారాన్ని పట్టి గట్టిగా చుట్టండి. బెయిట్‌కాస్టర్‌కు చుట్టేటప్పుడు దారం చక్రానికి పెన్సిల్ గుచ్చి అది తిరిగేలా పట్టించాలి. స్పిన్నింగ్ రీల్‌కు నైలాన్ చుట్టేటప్పుడు చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, కొంత చుట్టాక దారాన్ని వదులు చేసి చూడాలి, మెలికలు తిరుగుతుంటే చక్రాన్ని తిరగేయాలి. స్పిన్నింగ్ స్పూల్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. విసిరాక బెయిల్‌ను, అంటే దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగ కమ్మీని, హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి. డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పవద్దు. రీల్ గేర్ నిష్పత్తి 5.2 అయితే అలా తిప్పిన ప్రతి తిప్పుకూ దారంలో ఐదు మెలికలు పడతాయి.

డ్రాగ్‌ను మీ దగ్గరున్న అన్నిటిలో బలహీనమైన దాని బలంలో నాలుగో వంతుకు బిగించండి, అది లీడర్ కావచ్చు, ముడి కావచ్చు, కర్ర కావచ్చు. 50 పౌండ్ల దారం ఉంది కదా అని పూర్తిగా బిగిస్తే కర్రే విరుగుతుంది. ఎర చిక్కుకుంటే బ్రెయిడ్‌ను వట్టి చేతికి చుట్టి లాగవద్దు, ఎముక దాకా కోస్తుంది. ఒక కర్రముక్కకు చుట్టి, గాలం కర్రను దారం వైపు నేరుగా ఉంచి లాగండి. తెగిన ముక్కలు ఎంత చిన్నవైనా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి. గట్టున వదిలేసిన దారం కొంగల కాళ్లకు చుట్టుకుని అవి కదలలేక చనిపోతాయి, ఆ దృశ్యం చూసినవారెవరూ ఈ మాట తేలిగ్గా తీసుకోరు.

రెండు రీళ్లకూ ఒకే దారం కావాలన్న మీ ప్రశ్నకు మిగిలిన దారి ఒక్కటే, 30 పౌండ్ల, 0.28 మి.మీ. బ్రెయిడ్. బెయిట్‌కాస్టర్‌కు అది కింది హద్దు, స్పిన్నింగ్‌లో 4000 సైజుకు బాగుంటుంది కానీ మీ 2500కు కొంచెం ఎక్కువే, స్పూల్‌లో తక్కువ పడుతుంది. డబ్బు సర్దుబాటు కాకపోతే ఈ నెల 50 పౌండ్ల బ్రెయిడ్ 150 మీటర్లు కొని బెయిట్‌కాస్టర్‌కు వేసుకోండి, స్పిన్నింగ్‌కు ప్రస్తుతానికి 10 పౌండ్ల నైలాన్ చాలు. 20 పౌండ్లదీ లీడర్ దారమూ యానాం వెళ్లే ముందు కొనుక్కోవచ్చు. పేరు తెలియని చవక బ్రెయిడ్‌ల మీద రాసే పౌండ్లు చాలాసార్లు మందంతో పొసగవు, కాబట్టి దుకాణదారుడి దగ్గర స్క్రూ గేజ్ ఉంటే కొలిపించి తీసుకోండి.