సెవానీ రైలు గురించి నీకు నాలుగు మాటలు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆగకుండా చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అమెరికాలో నాష్‌విల్‌లో ఉంటూ, అక్కణ్ణుంచి కారులో రెండు గంటలు కూడా పట్టని ఒక కొండమీది చిన్న కాలేజీ గురించి తెలుగులో రాయాలని నీకు తోచిందే, అది నాకు చాలా సంతోషం. ఆ సెవానీ కాలేజీ 1899 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కథ నేను తెలుగులో ఎక్కడా చదవలేదు. అందుకే ఇది బాగా రావాలని ఆరాటపడుతున్నాను.

ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకి గుండ్రటి బంతి గుర్తొస్తుందని భయపడి, మొదటి రెండు పేజీలు రూల్స్‌కే పెట్టావు. తీసెయ్. పాఠకుడికి కావలసింది రెండు మూడు ముక్కలే. అప్పట్లో బంతిని ముందుకు విసరకూడదు, ఆ అనుమతి 1906లో గానీ రాలేదు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకెళ్ళాలి. కాబట్టి బంతి పట్టుకున్నవాణ్ణి సొంత జట్టు వెనకనుంచి తోస్తుంటే ఎదుటి జట్టు మీదపడి ఆపేది. హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమమే లేదు. ఇవి కూడా ఒకచోట పోగెయ్యకు. ఆస్టిన్‌లో ఆడుతుండగా కెప్టెన్ హెన్రీ సీబెల్స్ తల చిట్లి, కట్టు కట్టించుకుని మళ్ళీ ఆడాడు కదా, హెల్మెట్ మాట అక్కడ చెప్పు. నెత్తురు చూశాక పాఠకుడే అడుగుతాడు, తలకేమీ పెట్టుకోలేదా అని.

ఇక స్కోర్లు. ఎదుటివన్నీ యూనివర్సిటీ, కాలేజీ జట్లే. నవంబర్ 9న ఆస్టిన్‌లో టెక్సస్ మీద 12-0. మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద 10-0. 11న న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. ఆదివారం ఆట లేదు. 13న బాటన్ రూజ్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద 34-0, 14న మెంఫిస్‌లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) మీద 12-0. ఆరు రోజుల్లో ఐదు ఆటలు, ఎదుటివాళ్ళకి ఒక్క పాయింటూ లేదు. ఇది ఒక్కసారి చెబితే చాలు, నువ్వు నాలుగుచోట్ల చెప్పావు. పైగా ప్రతిచోటా 'జైత్రయాత్ర', 'చరిత్ర సృష్టించారు'. ఆ మాటలు కొట్టేశాను.

నిజానికి ఈ కథ మైదానంలో కన్నా రైల్లో ఎక్కువుంది. ఇరవై ఒక్కమంది కుర్రాళ్ళు, దాదాపు 2,500 మైళ్ళు. అసలు ఎందుకు బయలుదేరారు? డబ్బు కోసం. మీ నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీతో టికెట్ల డబ్బు దగ్గర పేచీ వచ్చి ఆ ఏడు ఆట లేకుండా పోయింది. రావలసిన సొమ్ము పోయింది. ల్యూక్ లీ అనే విద్యార్థి మేనేజరు ఆ లోటు పూడ్చడానికి ఒకే ప్రయాణంలో ఇన్ని ఆటలు కుదిర్చాడు. మీ ఊళ్ళో వచ్చే టెనెసీయన్ పత్రికను తర్వాత 1907లో పెట్టింది ఆయనే, సెనేటర్ కూడా అయ్యాడు. ఈ డబ్బు సంగతి నువ్వు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. ముందుకి తీసుకురా.

రైలు కదిలాక ఆటగాళ్ళ బూట్లు స్టేషన్లోనే ఉండిపోయాయని తెలిసిందట. తంతి కొట్టి వెనకాలే తెప్పించారని చెప్తారు. ఊరి ఊటనీళ్ళు పీపాల్లో వెంట తీసుకెళ్ళారనీ చెప్తారు. ఆ 'చెప్తారు' అన్న మాట వదలకు. నోటి మాటగా వచ్చినదాన్ని అలాగే రాస్తేనే, తారీఖులతో సహా నువ్వు చెప్పే మిగతా సంగతుల్ని పాఠకుడు నమ్ముతాడు.

నీ వ్యాసంలో కాల్ బరోస్ లేడు. జట్టు వెంట వెళ్ళిన నల్లజాతి ట్రైనర్. ఆట ముగిసి రైలెక్కాక వాచిన మోకాళ్ళకీ పట్టేసిన పిక్కలకీ మర్దన చేసింది ఆయనే. రాత్రంతా పెట్టె ఊగుతుంటే ఆ చేతులు పనిచేశాయి కాబట్టే పొద్దున ఆ కాళ్ళు మైదానంలోకి దిగాయి. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ అమెరికా దక్షిణాదిలో అన్నీ వేరుచేస్తున్న కాలం అది. ఆయన లేకుండా ఈ కథ రాయడం తప్పు, అది గట్టిగా చెప్తున్నాను.

నా పాతికేళ్ళప్పుడు మా పక్క ఊరి కబడ్డీ జట్టు మీద ఒక వ్యాసం రాశాను. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో అంతా రాశాను. అచ్చయ్యాక ఒక ఆటగాడి తల్లి కాగితం మడిచి కొంగున పెట్టుకుని, "మావాడి మోకాలి సంగతి రాయలేదేం బాబూ, వాడిప్పుడు మెట్లెక్కలేడు," అంది. సెవానీ ఫుల్‌బ్యాక్ (బంతితో దూసుకెళ్ళే ఆటగాడు) ఆర్మండ్ సిమ్‌కిన్స్ గురించి చదివినప్పుడు నాకు ఆమె గుర్తొచ్చింది. తర్వాత అతనికి రెండు కాళ్ళూ తీసేయాల్సి వచ్చింది, ఆటలో తగిలిన దెబ్బలే కారణమంటారు. నువ్వతని తన్నుల బలం గురించి పేరా నిండా రాశావు. ఆ కాళ్ళకి తర్వాత ఏమైందో కూడా రాయి.

అలబామాలోని ఆబర్న్ కాలేజీతో ఆడిన ఆటను దాటవేశావు, ఎందుకు? ఆ సీజన్ మొత్తం పన్నెండు ఆటల్లో 322 పాయింట్లు చేసి, ఇచ్చినవి పదే పది. ఆ పదీ ఆబర్న్‌కే. జాన్ హైస్‌మన్ కోచ్‌గా ఉన్న జట్టు అది. 11-10తో, ఒక్క పాయింటుతో బయటపడ్డారు. ఓడిపోయేవాళ్ళేమో అని పాఠకుడు టెన్షన్ పడే చోటు మొత్తం సీజన్‌లో ఇదొక్కటే. రెండు రోజుల తర్వాత నార్త్ కరోలినా మీద 5-0, దానికి మాత్రం ఒక వాక్యం చాలు.

మొదలు ఎక్కడ పెట్టాలని అడిగావు. నేనైతే నవంబర్ 12, ఆదివారంతో మొదలుపెడతాను. చర్చివాళ్ళ కాలేజీ, ఆదివారం ఆడరు. మూడు ఆటలయ్యాయి, ఇంకా రెండున్నాయి. లూసియానాలో చెరకు తోట ఒకటి చూడ్డానికి వెళ్ళారని చెప్తారు. ఒళ్ళంతా నొప్పులతో, సలుపుతున్న దెబ్బలతో ఆ కుర్రాళ్ళు చెరకు గట్ల మీద ఎలా నడిచి ఉంటారో ఆలోచించు. బానిసత్వం పోయి ముప్పై నాలుగేళ్ళే అయింది, ఆ చెరకు నరికేవాళ్ళెవరో కూడా చూడు. ఆ ఒక్క పేజీ రాసి ముందు నాకు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.