గ్రూపు విప్పితే మిక్స్ ఎందుకు మారింది?

ప్రశ్న: పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో 8 డ్రమ్ ట్రాకుల్ని గ్రూపు చేశాను. ఇప్పుడు అక్కర్లేదని అన్‌గ్రూప్ చేస్తే డ్రమ్స్ ఒక్కసారిగా గట్టిగా, విడివిడిగా వినిపిస్తున్నాయి. విడి ట్రాకుల్లో నేనేమీ ముట్టుకోలేదు. సౌండ్ చెడకుండా గ్రూపు ఎలా తీసేయాలి?

జవాబు: ముందు కంట్రోల్ + జెడ్ కొట్టి గ్రూపును వెనక్కి తెచ్చుకోండి. లైవ్‌లో గ్రూపు కూడా ఒక ట్రాకే. లోపలి సౌండంతా అందులో కలిసి, దాని ఎఫెక్టులూ ఫేడరూ (వాల్యూమ్ మీట) దాటాకే మాస్టర్‌కి (పాట మొత్తం బయటికొచ్చే చివరి ట్రాకు, లైవ్ 12లో పేరు 'మెయిన్') వెళ్తుంది. కంట్రోల్ + షిఫ్ట్ + జి (మ్యాక్‌లో కమాండ్ + షిఫ్ట్ + జి) నొక్కగానే ఆ ట్రాకు పోతుంది. దాని ఎఫెక్టులు, సెండ్‌లు (ప్రతిధ్వని లాంటి ఎఫెక్టుకి పంపే సౌండ్ వాటా), ఆటోమేషన్ (పాట నడుస్తుండగా తనంతట మారేలా రాసిపెట్టిన విలువలు) కూడా దాంతోపాటే పోతాయి.

గ్రూపు మీద ఫేడర్ ఒక్కటే కదిపి ఉంటే పని తేలికే. అది మైనస్ 4 డీబీలో ఉందనుకుందాం. విడదీశాక 8 ట్రాకులూ సెలెక్ట్ చేసి తలా 4 డీబీ తగ్గించండి. వాల్యూమ్ ఆటోమేషన్ ఉన్న ట్రాకులో ఫేడర్ ముట్టుకోకండి, ఆటోమేషన్ ఆగిపోతుంది. దాని ఎఫెక్టుల చివర యుటిలిటీ (లైవ్‌లోనే ఉండే వాల్యూమ్ సర్దే ఎఫెక్టు) పెట్టి గెయిన్ మైనస్ 4 చేయండి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది రివర్బ్ (ప్రతిధ్వని): పోస్ట్ ఫేడర్ సెండ్ (ఫేడర్ దాటాక తీసుకునేది) కూడా అంతే తగ్గుతుంది కాబట్టి దాన్ని 4 డీబీ పెంచాలి.

గ్రూపు మీద ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దేది) ఉంటే ప్రతి ట్రాకు మీదికీ కాపీ చేయొచ్చు, ఫలితం ఒకటే. కంప్రెసర్ (గట్టి శబ్దాల్ని నొక్కేది), శాచురేషన్ (సౌండ్‌కి కొద్దిగా గరుకుదనం ఇచ్చేది) ఉంటే అది కుదరదు. కిక్, స్నేర్, సింబల్స్ కలిసిన మొత్తాన్ని చూసి కంప్రెసర్ ఎంత నొక్కాలో తేల్చుకుంటుంది. అదే సెట్టింగ్‌తో 8 కంప్రెసర్లు విడివిడిగా పెడితే కిక్ పడినప్పుడు సింబల్స్ తగ్గవు. డ్రమ్స్‌ని ఒక్క వాయిద్యంలా అతికించిన గుణం అక్కడే పోతుంది. మీకు వినిపించిన తేడా బహుశా ఇదే.

అలాంటప్పుడు అన్‌గ్రూప్ చేసే ముందే బస్ (చాలా ట్రాకుల సౌండ్ వచ్చి కలిసే ట్రాకు) ఒకటి కట్టుకోండి. గ్రూపు బయట కొత్త ఆడియో ట్రాకు తెరిచి, మానిటర్‌ని (లోపలికొచ్చే సౌండ్ వినిపించాలా అన్న స్విచ్) 'ఇన్'లో పెట్టండి. 'ఆటో'లో వదిలేస్తే రికార్డ్ ఆర్మ్ (రికార్డింగ్‌కి సిద్ధం) చేసేదాకా నిశ్శబ్దమే. గ్రూపులోని ఎఫెక్టులన్నీ అదే వరసలో అందులోకి కాపీ చేసి, ఫేడర్, పాన్ (ఎడమ-కుడి స్థానం), సెండ్ విలువలు చూసి వేయండి. తర్వాత 8 ట్రాకుల 'ఆడియో టు'లో ఆ బస్ ఎంచుకోండి. ఇప్పుడు గ్రూపు ఖాళీ గొట్టం, విప్పేయండి. బేస్ కంప్రెసర్‌కి సైడ్‌చైన్ (డ్రమ్స్ పడినప్పుడు బేస్‌ని తగ్గించమనే సంకేతం) ఈ గ్రూపు నుంచే వెళ్తుంటే అక్కడా బస్‌ని ఎంచుకోవాలి.

చెవిని పూర్తిగా నమ్మకండి. విడదీయకముందు ఒకటి, తర్వాత ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి రెండూ ఒకేచోట మొదలయ్యేలా పెట్టండి. ఒకదాని మీద యుటిలిటీ వేసి ఎడమ, కుడి రెండు ఛానళ్ల ఫేజ్ తిప్పండి (దాని అలలు తలకిందులై రెండోదాన్ని రద్దు చేస్తాయి). మాస్టర్‌లో ఏమీ వినపడకపోతే రెండూ ఒకటే. (మాడ్యులేషన్ ఉన్న రివర్బ్, కోరస్ ప్రతిసారీ కొద్దిగా మారతాయి, పరీక్షప్పుడు వాటిని ఆపండి.)

ప్రశ్న: గ్రూపు తీసేద్దామని దాని పేరు ఎంచుకుని డిలీట్ కొట్టాను. ట్రాకులన్నీ మాయం!

జవాబు: డిలీట్ అంటే లోపలి ట్రాకులతో సహా చెరిపేయడం. వెంటనే అన్‌డూ చేయండి. ఒకటి రెండు ట్రాకులు మాత్రమే బయటికి కావాలంటే వాటిని పట్టుకుని గ్రూపు అవతలికి లాగితే చాలు.

ప్రశ్న: ప్రో టూల్స్ (ఇంకో మిక్సింగ్ సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను, అందులో ఒక ఫేడర్ కదిపితే నాలుగు కదులుతున్నాయి. పైన గ్రూపు ట్రాకు ఏదీ కనిపించడం లేదు. ఎక్కడ విప్పాలి?

జవాబు: అక్కడ గ్రూపు అంటే ఫేడర్ల మధ్య లంకె మాత్రమే. సౌండ్ దాని గుండా వెళ్లదు, తీసేసినా మిక్స్ మారదు. కిటికీ ఎడమవైపు గ్రూపుల జాబితాలో దాని పేరు మీద నొక్కితే లంకె ఆగుతుంది. ఒక్కసారికే కావాలంటే విండోస్‌లో స్టార్ట్ కీ, మ్యాక్‌లో కంట్రోల్ పట్టుకుని ఫేడర్ లాగండి. అన్ని గ్రూపుల్నీ ఒకేసారి ఆపడానికి కంట్రోల్ + షిఫ్ట్ + జి, మ్యాక్‌లో కమాండ్ + షిఫ్ట్ + జి. లైవ్‌లో గ్రూపును విప్పేసే కీలే ఇవి! రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పనిచేసేవాళ్లు ఏది తెరిచి ఉందో చూసుకుని నొక్కాలి.