హమీభావమా, మద్దతు ధరా, గిట్టుబాటు ధరా?

సందేహం: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, మోంఢాలో (పంటలమ్మే మార్కెట్ల) మరాఠీ. సోయాకు సర్కారు కట్టే ధరను మేం ‘హమీభావం’ అంటం. భైంసా నుంచి వచ్చే చుట్టాలు ‘మద్దతు ధర’ అంటరు. తెలుగు పేపర్లో ఒకరోజు అట్ల, ఇంకోరోజు ‘గిట్టుబాటు ధర’ అని ఉంటది. మూడూ ఒకటేనా? రైతుల సభకు తెలుగులో కరపత్రం రాస్తున్నం, ఏ మాట పెట్టాలె?

సమాధానం: ఒకటి కావు. పక్కన ఏ క్రియ ఇముడుతుందో చూస్తే తేడా తేలిపోతుంది. మోంఢాలో ధర పలుకుతుంది. సర్కారు ధర ప్రకటిస్తుంది. రైతుకు ధర గిట్టుతుంది, లేదా గిట్టదు. ‘సోయాకు మద్దతు ధర పలికింది’ అని రాసే విలేకరి బేరాన్నీ ఉత్తర్వునూ ఒకే గంపలో వేస్తున్నాడు. ‘మద్దతు ధర దాకా పలికింది’ అంటే సరిపోయేది.

మద్దతు ఉర్దూ ‘మదద్’ నుంచి వచ్చింది. సాయం అని అర్థం. సాయం అన్నాక పక్కన ఎవరో నిలబడాలి. అర్థశాస్త్రం లెక్కలోనూ అంతే. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫారసు మీద కేంద్రం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. 2024-25లో సోయాకు క్వింటాలుకు 4,892 రూపాయలు. ఆ ధరకే కొనాలని వ్యాపారిని ఎవరూ కట్టడి చేయరు. ధర అంతకన్నా పడితే సర్కారు సంస్థ తానే కొనుగోలుదారుగా దిగాలి. అది దిగకపోతే ఆ అంకె ఉత్త అంకె. ఆ ఏడు చాలా మార్కెట్లలో సోయా అంతకు తక్కువకే పోయిందని మీకు నేను చెప్పనక్కర్లేదు. కొనుగోలు కేంద్రం తెరిచినచోటా తేమ పేచీ ఒకటి. మీరు గింజ పంటికింద వేసుకుని, కటుక్కుమంటే ఎండింది అంటారు. అక్కడి మిషను 13 అంటుంది, హద్దు 12. (ఆ సీజనుకు హద్దును 15 శాతానికి సడలించారు, అది వేరే సంగతి.) మద్దతు అన్న మాటకు అర్థం నిఘంటువులో కన్నా ఆ తూకం కాంటా దగ్గరే బాగా తెలుస్తుంది.

ఇక హమీ. మన ‘హామీ’యే, మరాఠీలో పొట్టిదైంది. పూచీ అని అర్థం, అంటే మద్దతు కన్నా బరువైన మాట. సాయం చేస్తానన్నవాడు చేయకపోతే నిష్ఠూరమే, పూచీ పడ్డవాడు తప్పితే బాకీ. సోయా, పత్తి విషయంలో చట్టం అలాంటి పూచీ పడలేదు. నిజానికి ఆ మాట మీ జిల్లాలోనే పండే చెరకుకు నప్పుతుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కేంద్రం కట్టిన ధర ఫ్యాక్టరీ ఇచ్చి తీరాలి, అదీ 14 రోజుల్లో.

గిట్టుబాటు మాత్రం అచ్చ తెలుగు. గిట్టు మీద ‘పాటు’ చేరి ‘బాటు’ అయింది, సర్దుబాటు, కట్టుబాటు లాగే. గిట్టడమంటే సరిపడటం: ‘ఆ అన్నదమ్ములకు గిట్టదు’. చనిపోవడం కూడా: ‘పుట్టినవాడు గిట్టక మానడు’. (పత్తి రైతు ఎదుట ఈ శ్లేష ప్రయోగించకండి.) సరిపడిందో లేదో చెప్పాల్సింది పండించినవాడు. పై 4,892నే చూడండి. ఖర్చు 3,261 అని కట్టి, దానికి ఒకటిన్నర రెట్లు వేశారు. ఆ ఖర్చులో విత్తనం, మందు, కైకిలి, ఇంటిల్లిపాది రెక్కల కష్టం ఉన్నాయి. సొంత చేనుకు రావాల్సిన కౌలు, సొంత డబ్బుకు వడ్డీ లేవు. అవీ కలపాలన్నది రైతు సంఘాల వాదన. అంటే తగువంతా ‘గిట్టుబాటు’ అన్న మాట మీదే నడుస్తోంది. అలాంటప్పుడు ‘ప్రభుత్వం గిట్టుబాటు ధర ప్రకటించింది’ అని రాస్తే తగువు తీరకముందే తీర్పు చెప్పినట్టు. నా మటుకు ఆ వాక్యాన్ని తప్పుగానే దిద్దుతాను.

మీ కరపత్రంలో కొనుగోలు కేంద్రం అడుగుతున్నారా? ‘మద్దతు ధరకు కొనాలి’ అని రాయండి. ఆ ధరే చాలదంటున్నారా? ‘గిట్టుబాటు ధర కట్టాలి’ అనండి. హమీభావాన్ని వదులుకోనక్కర్లేదు, మీ ఊళ్ళలో గుర్తుపట్టేది ఆ మాటనే. మొదటి వరుసలో ఒకసారి పక్కన వేయండి, సున్నా తీసేసి ‘హమీభావ్’ అని. సున్నా ఉంటే బెజవాడ పాఠకుడు అదేదో కవిత్వం అనుకుంటాడు.