పక్షుల గ్రూపుకి ఎంత పొడుగు రాయాలి

అబ్బాయ్,

ఆదివారం ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్ళొచ్చి నువ్వు మన పక్షుల గ్రూపుకి పంపిన మెసేజ్ మొత్తం చదివాను. నీకు చూసే కన్నుంది, రాసే చెయ్యుంది, అందులో నాకేం అనుమానం లేదు. కానీ గుంటూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, టీ కొట్టు, చెరువు గట్టు, ఎండ, అన్నీ అయ్యాక ఎక్కడో ఆరో పేరాలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళ మీద కూర్చున్నాయని ఒక్క ముక్క రాశావు. అందరూ ఎదురుచూసేది ఆ ముక్క కోసమే కదా.

మనవాళ్ళు దాన్ని ఎక్కడ చదువుతారో ఒకసారి ఆలోచించు. ఒకాయన బెజవాడ బస్సులో నిలబడి చదువుతాడు, మాస్టారేమో గట్టు మీద ఎండలో, మెడలో బైనాక్యులర్స్ వేలాడుతుంటే స్క్రీన్ కనపడక అరచెయ్యి అడ్డం పెట్టుకుని చదువుతారు. వాళ్ళు పైనుంచి కింద దాకా స్క్రోల్ చేస్తూ వెతుక్కోకూడదు. ఏ పిట్ట, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఏం చేస్తోంది, ఇదంతా మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. "ఉప్పలపాడు చెరువు, ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. గూడబాతులు సుమారు 200, సర్కారు తుమ్మల మీద గూళ్ళు, కొన్నిట్లో పిల్లలున్నాయి." ఇంతే. ఆ సుమారు అనే మాట మాత్రం వదలొద్దు. ముందు ఒక పదింటిని సరిగ్గా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసుకుని, అలాంటి గుంపులు ఎన్నున్నాయో అంచనా వేశావనుకో, ఆ సంగతి కూడా ఒక్క ముక్క రాయి, లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

అలాగని మరీ కుదించేయొద్దు. "ఉప్పలపాడు సూపర్, బోలెడు పక్షులు" అని కూడా రాస్తున్నారు కొందరు, పొట్టిగానే ఉంది గానీ దాంతో ఎవరికీ పని జరగదు. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో లెక్క ఎక్కించేటప్పుడు ఎన్నింటికి మొదలెట్టావు, ఎంతసేపు చూశావు, ఎంత దూరం నడిచావు అని అడిగేది ఊరికే కాదు, పది నిమిషాల్లో ఇరవై కొంగలు కనపడటం వేరు, మూడు గంటలు తిరిగితే ఇరవై కనపడటం వేరు. ఆ టైం, ఆ దూరం కోసం నాలుగు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు.

పొడుగ్గా రాయాల్సిన చోటు కూడా ఉంది, అక్కడ మొహమాటపడొద్దు. పిట్ట మీద అనుమానం వచ్చినప్పుడు. ఎర్రకాళ్ళ కొంగ పిల్ల గోధుమ రంగులో మురికిగా ఉంటుంది, పెద్దవాటికుండే గులాబీ ఈకలు దానికింకా రావు, కొత్తవాళ్ళు చూసి వేరే కొంగ అనుకుంటారు. ఎవరైనా కొల్లేరులోని అటపాక వెళ్ళొచ్చి అక్కడ తెల్ల గూడబాతు కనపడిందంటే నేనైతే పేజీ నిండా రాయమంటాను. పైముక్కు అంచున మచ్చలున్నాయా లేవా, ముక్కు కింది సంచి పసుపు రంగేనా, ఎగిరినప్పుడు రెక్క ఈకలు నల్లగా కొట్టొచ్చినట్టు కనపడ్డాయా లేక బూడిదరంగులో మాసినట్టున్నాయా, పక్కన ఏ పిట్టతో పోల్చి సైజు చెప్తున్నావు. మాకు మామూలుగా కనపడేది మచ్చల ముక్కు గూడబాతే, కాబట్టి వేరేది చూశామంటే ఆధారం మొత్తం పెట్టాల్సిందే. తేలకపోతే తేలలేదని రాసెయ్, దానికి ఎవరూ నిన్ను తక్కువగా చూడరు.

మీ వయసు వాళ్ళకి తెలియని ఇంకో సంగతి ఉంది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పట్టేవి, తెలుగులో టైప్ చేస్తే 70 మాత్రమే, గుణింతాలు ఒత్తులు కూడా విడిగా లెక్కే. నత్తగుల్ల కొంగ అని రాస్తేనే మధ్యలో ఖాళీతో కలిపి 14 పోయేవి. అందుకని ముందు పిట్ట, తర్వాత ఊరు, తర్వాత సంఖ్య, అలా అలవాటైపోయింది మాకు. ఇప్పుడు ఎంత రాసినా ఆపేవాళ్ళు లేరు, కానీ చదివేవాళ్ళ టైం మాత్రం అంతే ఉంది.

ఇంకోటి, ఉప్పలపాడు, అటపాక రెండూ ఒకే మెసేజ్‌లో కలపొద్దు. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌కి, అంటే ఏటా జరిగే నీటిపక్షుల లెక్కింపుకి, లెక్కలు చూసుకునేటప్పుడు ఏ చెరువుకి ఆ చెరువు విడిగా ఉంటేనే దొరుకుతుంది. ఇంకొకరి మెసేజ్ మొత్తం మళ్ళీ కాపీ చేసి కింద "నిజమే సార్" అని పెట్టొద్దు, ఏ లైన్‌కి జవాబిస్తున్నావో ఆ లైన్ చాలు. గూళ్ళకి దగ్గరగా ఎలా వెళ్ళొచ్చో దారి మాత్రం అసలు రాయనే వద్దు, జనం దగ్గరికెళ్తే తల్లులు లేచిపోతాయి, గుడ్లూ పిల్లలూ ఎండకీ కాకులకీ దొరికిపోతాయి.

మరి ఆ బస్సు, ఆ టీ కొట్టు, గట్టు మీద కనపడిన పెద్దాయన చెరువు గురించి చెప్పిన కబుర్లు ఏం చెయ్యాలంటావా? పారేస్తే నేనూరుకోను. నువ్వు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. దాన్ని విడిగా కూర్చుని వ్యాసంగా రాయి, ఆ పెద్దాయన మాట తీరు చెడగొట్టకుండా, రెండు వేల మాటలైనా సరే, పత్రికకి పంపేముందు నాకు చూపించు, నేను తీరిగ్గా చదివి చెప్తాను. ఈలోపు గ్రూపుకి మాత్రం ఉప్పలపాడు లెక్క రెండు లైన్లలో మళ్ళీ పెట్టు, పిల్లలున్న గూళ్ళు ఎన్నో మాస్టారు పొద్దుట్నుంచి అడుగుతున్నారు.

ఉంటాను,
మీ బాబాయ్
గుంటూరు