బ్యాంకు కోచింగ్ మానేసి అఫిలియేట్ మార్కెటింగా?

ప్రశ్న: మాది మంగళగిరి. చేనేత చీరల కొట్టు ఉంది. రెండేళ్ల కిందట వెబ్‌సైట్ కూడా పెట్టాం. మా అబ్బాయి బీకాం పూర్తిచేసి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్తున్నాడు. ఇప్పుడది మానేసి అఫిలియేట్ మార్కెటింగ్ చేస్తానంటున్నాడు. 25 వేలు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాలట. ఆ కోర్సులో ఇంకొకరిని చేర్పించినప్పుడల్లా సగం డబ్బు తిరిగి వస్తుందట. ఇది నిజంగా ఒక పనేనా? వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: అఫిలియేట్ మార్కెటింగ్ నిజమైన పనే. మీ వాడికి ఎవరో అమ్మజూపుతున్నది మాత్రం అది కాదు.

మీకు దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్లను ఆటో అతను మీ కొట్టుకు తీసుకొస్తే, బేరం తెగాక బిల్లు చూసి ఎంతో కొంత అతని చేతిలో పెడతారు. చూసి వెళ్లిపోతే ఏమీ ఇవ్వరు. ఇంటర్నెట్‌లో జరిగేదీ ఇదే. అమెజాన్ 1996లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. వెబ్‌సైట్ ఉన్నవాళ్లు తమ పేజీలో ఒక పుస్తకానికి లింకు పెట్టేవారు. ఆ లింకు నుంచి వెళ్లినవాళ్లు కొంటే కమీషన్ వచ్చేది.

ఆటో అతన్ని మీరు ముఖం చూసి గుర్తుపడతారు. ఇక్కడ ఆ ముఖం లింకు తోకలో ఉంటుంది. అమెజాన్ అఫిలియేట్ లింకు ఒకటి తెరిచి చివరిదాకా చదవండి, 'ట్యాగ్' అనే మాట పక్కన ఎవరిదో ఒక ఐడీ కనిపిస్తుంది. నొక్కగానే కొనేవాడి బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. అమెజాన్‌లో దాని ఆయుష్షు 24 గంటలు. ఈలోగా బుట్టలో వేయకుండా ఎల్లుండి వచ్చి కొంటే, పంపినవాడికి పైసా రాదు. కొన్న సరుకు వాపసు వెళ్లినా కమీషన్ రద్దే. తన లింకుతో తానే కొనుక్కోవడం కుదరదు. చాలామంది పిల్లలు మొదటి నెలలోనే ఆ తప్పు చేసి ఖాతా పోగొట్టుకుంటారు.

సంపాదన సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని ఏ కుక్కరుకు ఏ సైజు గాస్కెట్ సరిపోతుందో తెలుగులో రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న కుక్కర్లు, చుట్టుపక్కల వాళ్ల కుక్కర్లు అన్నీ తెచ్చి టేపుతో కొలిచింది. గాస్కెట్ మీద వచ్చేది ఏడెనిమిది రూపాయలు. అయితే దానికోసం వెళ్లినవాళ్లు ఆ రోజే మిక్సీ కూడా కొంటే అదీ తన లెక్కలోకే వస్తుంది. మొదటి ఎనిమిది నెలల్లో మొత్తం కలిపి రెండు వేలు కూడా రాలేదు. రెండో ఏడు దాటాక నెలకు ఆరేడు వేలు నిలకడగా వస్తున్నాయి. ఉద్యోగం మాత్రం మానలేదు.

కాబట్టి కోచింగ్ మానొద్దని చెప్పండి. పూర్తిగా వద్దని మాత్రం అనకండి. మీ ఇంట్లోనే వాడికి మంచి ప్రయోగశాల ఉంది. మీ వెబ్‌సైట్‌కు అఫిలియేట్ ప్రోగ్రామ్ పెట్టమనండి. చీరల గురించి రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు పదిమందిని వాడే వెతికి, మాట్లాడి, ఒక్కొక్కరికీ ఒక్కో కూపన్ కోడ్ ఇవ్వాలి. రెండు వేల చీరకు 8 శాతం అంటే 160 రూపాయలు. కూపన్‌తో కొనేవాళ్లకు మరో 5 శాతం తగ్గిస్తే ఇంకో వంద. నేత కూలీ, నూలు, కొరియర్ పోను మీకు మిగిలేదాంట్లో ఈ 260 పట్టాలి. ఎంత పడుతుందో మీకు తెలుసు, వాడికి తెలీదు. ముందు ఆ లెక్క ఇద్దరూ కూర్చుని వేయండి.

రెండు జాగ్రత్తలు. వాపసు గడువు ముగిశాకే కమీషన్ చెల్లించాలని ముందే కాగితం మీద పెట్టండి. రెండోది, మీ కొట్టు పేరు మీదే గూగుల్‌లో ప్రకటన కొని, ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నవాళ్లను తన లింకు గుండా తిప్పి కమీషన్ అడిగే ఘనులు ఉంటారు. ఆటో అతను మీ గుమ్మం ముందే నిలబడి లోపలికొచ్చే ప్రతివాణ్నీ నేనే తెచ్చానన్నట్టు! అలాంటిదానికి కమీషన్ ఇవ్వబోమని షరతుల్లో రాయాలి.

చీర పొగిడేవాళ్లు తమకు కమీషన్ వస్తుందని చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు అదే అంటున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల దాకా ఉంది. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కమీషన్ మీద టీడీఎస్ ఎప్పుడు పట్టాలో మీ ఆడిటర్‌ను అడగండి.

ఇలా ఆరు నెలలు నడిపితే వాడి చేతిలో క్లిక్కులు, ఆర్డర్లు, వాపసులు, చెల్లింపులు ఉన్న నిజమైన ఎక్సెల్ షీటు ఉంటుంది. అఫిలియేట్ మేనేజర్, పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ లాంటి ఉద్యోగాలకు ఇంటర్వ్యూకు వెళ్తే, సర్టిఫికెట్ కంటే ఆ షీటు గురించే ఎక్కువసేపు అడుగుతారు. బీకాం చదివినవాడికి ఆ లెక్కలు కష్టం కాదు.

ఇక ఆ 25 వేల కోర్సు. నిజమైన అఫిలియేట్ ప్రోగ్రాముల్లో చేరడానికి మామూలుగా రూపాయి కట్టక్కర్లేదు. ఎందుకంటే వాళ్లకు కావలసింది సరుకు అమ్ముడుపోవడం. ఇక్కడ కోర్సు కొన్నవాడు అదే కోర్సు ఇంకొకడికి అమ్మాలి, వాడు మరొకడికి. బయటివాళ్లకు పనికొచ్చే సరుకు మధ్యలో ఎక్కడుందో మీ వాణ్నే చూపించమనండి. సరుకు లేకుండా మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే పథకాలను మన దేశంలో 1978లోనే చట్టం చేసి నిషేధించారు. పేరు ఏది పెట్టినా, చేరినవాళ్లలో చివరి వరసకు మిగిలేది అప్పే. పైగా వాడు చేర్పించేది ఎవర్నో కాదు, తన క్లాస్‌మేట్లనే. రేపు వాళ్ల నాన్నలు వచ్చి నిలబడేది మీ కొట్టు ముందే.

డబ్బు కట్టేశారో లేదో మీరు రాయలేదు. కట్టకపోతే ఆపేయండి. కట్టేసి ఉంటే రసీదు, వాట్సాప్ మెసేజీలు, జూమ్ మీటింగుల స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచమనండి. ముందు రాతపూర్వకంగా డబ్బు వాపసు అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మోసమని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.