చాబీ మాట చెల్లేదా?

ప్రశ్న: మార్కో పోలో వెళ్లిన, చైనాని ఏలిన మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువు గురించి మా అబ్బాయి పాఠంలో ఉంది. పట్టపురాణి పేరు చాబీ అట, అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆవిడ మాట నిజంగా చెల్లేదా, లేక పక్కన కూర్చోవడానికేనా? - ఒక పాఠకురాలు, ఆకివీడు

జవాబు: చెల్లేదమ్మా, అయితే ప్రతిసారీ కాదు.

మీది ఆకివీడు అన్నారు కాబట్టి ముందు భూమి సంగతి. వరిచేలు రొయ్యల చెరువులైపోవడం చూసినవాళ్లు మీరు. అక్కడ గుర్రాల మేత. రాజధాని దగ్గరి పొలాలు మేతకి కావాలని అంగరక్షక దళాల పెద్దలు అడిగితే ఖాన్ సరే అనేశాడు, పటం కూడా గీసి తెచ్చారు. చాబీ నేరుగా మొగుడితో పెట్టుకోలేదు. సలహాదారు ల్యూ బింగ్‌జోంగ్ మీద విరుచుకుపడింది: తెలివైనవాడివి, నువ్వు చెబితే ఆయన వింటారు, మరి నోరు మెదపవేం, ఇక్కడికి వచ్చిన కొత్తల్లో అయితే సరే, ఇప్పుడు ఎవరి భూమిలో వాళ్లు స్థిరపడ్డాక లాక్కోవడమేంటి అని. అన్నది అతన్ని, వినాల్సింది ఖాన్. ఆయన కిమ్మనలేదు, తర్వాత ఆ పని ఆపేయమన్నాడు. అత్తగారికి వినబడేలా పిల్లాణ్ణి తిట్టడం మనకి తెలియని విద్యా!

అలాగని ఆవిడ తప్పు చేయకపోలేదు. ఒకసారి ఖజానా నుంచి పట్టుగుడ్డ తెప్పించుకుంటే, అది సైన్యానిదీ రాజ్యానిదీ, మన సొంతం కాదని ఖాన్ మందలించాడు. ఇక అక్కడినుంచి అంతఃపురం ఆడవాళ్లని కూర్చోబెట్టి, పాత వింటినారులు ఉడికించి, వాటితో బట్ట నేయించింది, పారేసే గొర్రెతోలు ముక్కలు కుట్టించి తివాచీలు చేయించింది. పాత చీరలతో బొంతలు కుట్టే మా మామ్మకి ఈవిడ బాగా నచ్చేది.

బాణం వేసేటప్పుడు ఎండ కళ్లలో పడుతోందని ఖాన్ అంటే టోపీకి ముందు అంచు పెట్టింది కూడా ఈవిడే. ఇక 1259లో కుబ్లాయ్ అన్న, మంగోలులందరికీ పెద్ద ఖాన్ అయిన మోంగ్కే పోయినప్పుడు కుబ్లాయ్ దక్షిణ చైనాలోని సాంగ్ రాజ్యంతో యుద్ధంలో ఉన్నాడు. ఇంటి దగ్గర తమ్ముడు అరిగ్ బోకే గద్దె కోసం సైన్యం కూడగడుతున్నాడని కబురంపింది చాబీయే, ఆయన వెనక్కొచ్చి 1260లో పెద్ద ఖాన్ అయ్యాడు. ఆ రోజుల్లోనే మన నిడదవోలు కోడలు రుద్రమ ఓరుగల్లులో తానే గద్దెనెక్కి ఏలింది. చాబీ చేతిలో ఉన్నది మాట ఒక్కటే.

1276లో సాంగ్ రాజధాని లొంగిపోయాక అక్కడి సొమ్మంతా తెచ్చి పరిచారు. చాబీ ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. ఏం కావాలో కోరుకోమని కబురొస్తే, వాళ్లు పిల్లల కోసం దాచుకున్నారు, పిల్లలు నిలుపుకోలేకపోయారు, అందులోంచి ఒక్కటైనా ఎలా తీసుకోను అంది. బందీగా వచ్చిన సాంగ్ రాణికి ఉత్తరాది వాతావరణం పడలేదు. దక్షిణానికి పంపేయమని చాబీ మూడుసార్లు అడిగింది, ఖాన్ మూడుసార్లూ కాదన్నాడు. అంత ప్రేమ ఉంటే నువ్వే చూసుకో అన్నాడు. 1281లో పోయేదాకా చాబీ వెనకటికంటే ఆదరంగానే చూసుకుంది.